విశ్వాసం వేరు, మొహమాటం వేరు

ఆదివారం పొద్దున్నే మా అక్క కొడుకు వచ్చాడు. ఒంటి మీద ఎర్ర జెర్సీ, వీపున 8 అంకె, పైన జెరార్డ్ పేరు. కూర్చోకముందే ఫోన్ నా చేతిలో పెట్టాడు. కొత్త కంపెనీ పంపిన ఆఫర్ లెటర్. వాడికి ఇప్పుడు నెలకు చేతికొచ్చేది 38,000. వీళ్ళు ఇస్తామన్నది 56,000. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి.

"మంచిదే కదరా, ఆ మొహం ఏమిటి అలా ఉంది?" అన్నాను.

"రెండు రాత్రులుగా నిద్ర లేదు పిన్నీ. 2021లో నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా మేనేజర్ గారు పద్దెనిమిది రోజులు నన్ను ఇంటి దగ్గరే ఉండమన్నారు. సెలవులన్నీ అయిపోయినా జీతం కోయనివ్వలేదు. అడ్వాన్స్ కూడా ఇప్పించారు. ఇప్పుడు పద్దెనిమిది వేలకు ఆశపడి వెళ్ళిపోతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదా?"

వాడు ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు బాగుచేసే సర్వీస్ ఇంజనీరు. ఆరేళ్ళుగా ఒకటే కంపెనీ. నేను ఇరవై రెండేళ్ళు సిబ్బంది విభాగంలో పనిచేశాను. ఆఫర్ లెటర్లు రాశాను, రాజీనామాలు అందుకున్నాను, వెళ్ళేవాళ్ళను ఆపడానికి బల్లకు ఇవతల కూర్చుని మాట్లాడాను. వాడు అడిగిన ప్రశ్నే నా ముందు కొన్ని వందల మంది అడిగారు. చాలామంది పైకి అడగలేక, మౌనంగా ఉండిపోయి, లోపల్లోపల కుమిలారు. అందుకని ఈసారి జవాబు రాసి పెడుతున్నాను.

వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. మా అబ్బాయితో కలిసి అర్ధరాత్రి దాకా లివర్‌పూల్ మ్యాచ్‌లు చూసేవాడు. వాళ్ళకు ఆట కావాలి, నాకు మాత్రం ఆ ఆటగాళ్ళ ఒప్పందాల గొడవలు కావాలి. ఏ ఉద్యోగంలోనైనా జీతం, గడువు, మాట, కృతజ్ఞత అన్నీ ఉంటాయి. కాకపోతే మన దగ్గర అవి నాలుగు గోడల మధ్య జరుగుతాయి, అక్కడ లోకమంతా చూస్తుండగా జరుగుతాయి. అందుకే వాటి నుంచి నేర్చుకోవడం తేలిక.

"నీ వీపు మీద ఉన్నాయనకు 2005 జులైలో ఏం జరిగిందో తెలుసా?" అని అడిగాను. కప్పు గెలిచిన సంగతి తెలుసు, ఆ తర్వాతి ఆరు వారాల సంగతి తెలియదు.

ఆ ఏడాది మే 25న ఇస్తాంబుల్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్. సగం ఆట అయ్యేసరికి ఏసీ మిలాన్ చేతిలో లివర్‌పూల్ 0-3తో వెనకబడింది. రెండో సగంలో తలతో మొదటి గోల్ కొట్టి జట్టును లేపింది కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్. చివరికి పెనాల్టీల్లో కప్పు వాళ్ళదైంది. లివర్‌పూల్ పక్కనే పెరిగి, చిన్నప్పుడే ఆ క్లబ్ అకాడమీలో చేరినవాడు అతను. అంత రాత్రి తర్వాత కొత్త ఒప్పందం వెంటనే తన ముందుకు వస్తుందని ఎదురుచూశాడు. వారాలు గడిచినా రాలేదు. ఆ ఆలస్యం అతనికి "నువ్వు మాకు అంత ముఖ్యం కాదు" అన్నట్టు వినబడింది. జులై మొదటి వారంలో చర్చలు తెగిపోయాయి, వెళ్ళిపోతానన్నాడు. చెల్సీ క్లబ్ 3.2 కోట్ల పౌండ్లు ఇస్తామంది, లివర్‌పూల్ ఒప్పుకోలేదు. ఊళ్ళో అతని పేరున్న జెర్సీకి నిప్పు పెట్టిన దృశ్యం టీవీల్లో వచ్చింది. మర్నాటికల్లా అతని మనసు మారింది. ఉండిపోయాడు, కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు.

క్లబ్‌కు అతణ్ణి వదులుకోవాలని లేదు. అతనికీ ఊరు విడిచి పోవాలని లేదు. ఇద్దరి మధ్యా ఆరు వారాల మౌనం పెరిగింది, అంతే. నేను చూసిన రాజీనామాల్లో సగానికి సగం ఇలాంటివే. పై అధికారి "వీడు మనవాడే, ఎక్కడికీ పోడు, నెమ్మదిగా చూద్దాం" అనుకుంటాడు. కింద ఉన్నవాడు "ఇంత చేసినా ఒక్కమాట అడగలేదు" అనుకుంటాడు. ఎవరి నోరూ పెగలదు. ఒకరోజు రాజీనామా మెయిల్ వస్తుంది, అందరూ ఆశ్చర్యపోతారు.

కాబట్టి ముందు చేయాల్సిన పని అడగడం. మీరు పెద్ద పని పూర్తిచేసిన వారం రోజుల్లోపే అడగండి. అప్రైజల్ నెల కోసం ఆగితే మీ పని అందరి పనుల్లో కలిసిపోతుంది. అడిగేటప్పుడు ఒక అంకె, ఒక తేదీ చెప్పండి. "ఏదో కొంచెం చూడండి సార్" అంటే ఏదో కొంచెమే చూస్తారు. "ఈ రెండేళ్ళలో నా కింద యంత్రాలు పద్నాలుగు నుంచి నలభై అయ్యాయి. నా జీతం 50,000 అవ్వాలని కోరుతున్నాను. వచ్చే నెల 10లోగా చెప్పగలరా?" అని అడగండి. ఇందులో అగౌరవం ఏమీ లేదు. కాదన్నా సరే, స్పష్టంగా తెలిసిపోతుంది. స్పష్టంగా తెలిస్తే రాత్రి నిద్ర పడుతుంది.

జెరార్డ్ కథ అక్కడితో అయిపోలేదు. ఆ తర్వాత పదేళ్ళు అక్కడే ఆడాడు. మొత్తం 710 మ్యాచ్‌లు. 2014లో వయసు 34కు వచ్చింది. ఒప్పందం మరుసటి వేసవితో ముగుస్తుంది. క్లబ్ మళ్ళీ ఆలస్యం చేసింది. సీజన్ సగం దాటుతుండగా 2015 జనవరిలో వెళ్ళిపోతున్నట్టు ప్రకటించాడు. సీజన్ మొదలవకముందే ఒప్పందం చేతిలో పెట్టి ఉంటే సంతకం చేసేవాణ్ణని అప్పుడే అన్నాడు. పదేళ్ళ కిందట జరిగిన పొరపాటే తిరిగి జరిగింది. ఆ పదేళ్ళ సేవకు క్లబ్ ఫైలులో ఎక్కడా గుర్తు లేదన్నమాట. ఇది నేను లివర్‌పూల్‌ను తిట్టడానికి చెప్పడం లేదు. ఏ సంస్థయినా అంతే. మనుషులకు జ్ఞాపకం ఉంటుంది, సంస్థలకు రికార్డు ఉంటుంది. రికార్డులోకి ఎక్కనిది సంస్థకు గుర్తుండదు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. నా మొదటి ఉద్యోగంలో ఎనిమిదేళ్ళున్నాను. మూడో ఏట బయటి నుంచి మంచి ఆఫర్ వస్తే మా డైరెక్టర్ గారు పిలిచి, "నువ్వు మా ఇంటి పిల్లవమ్మా, రెండేళ్ళలో ఈ విభాగం నీదే" అన్నారు. ఆయన మీద గౌరవంతో కాగితం అడగలేదు. అడగడం తప్పనిపించింది. రెండేళ్ళకు కంపెనీ చేతులు మారింది, ఆయన వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినాయన నా ఫైలు తిరగేసి, "ఇందులో అలాంటిదేమీ లేదే" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఫైలులో నిజంగానే లేదు. అయినా ఇంకో మూడేళ్ళు అక్కడే ఉన్నాను. విశ్వాసంగా ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది మొహమాటమని తేలింది. వాళ్ళు ఏమనుకుంటారో అన్న బెరుకు, కొత్తచోటంటే ఉన్న భయం, ఆ రెండింటికీ విశ్వాసమని పేరు పెట్టుకున్నాను.

తేడా ఎలా తెలుస్తుందంటే, ఇష్టంగా ఇచ్చేది విశ్వాసం. అది ఇచ్చాక మనసు తేలికపడుతుంది, పనిలో చేయి పరిగెడుతుంది. మొహమాటంతో ఇచ్చింది మాత్రం లోపల అప్పులా పెరుగుతుంది. "వీళ్ళ కోసం ఇంత వదులుకున్నాను" అని మనసు రోజూ లెక్క రాసుకుంటూ ఉంటుంది. మీరు లెక్క రాసుకుంటున్నారంటే అది విశ్వాసం కాదు. అలా మిగిలిపోయినవాళ్ళు సంస్థకు మేలు చేయరు కూడా. మూడేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను.

మా వాడితో అన్నాను: "నీ ఋణం ఎవరికి? మేనేజర్ గారికి. కంపెనీకి కాదు. ఆయన ఋణం ఆయనకే తీర్చు. నెలనెలా 18,000 వదులుకుంటే ఆయనకు ఏం ముడుతుంది? ఒక్క రూపాయి ముట్టదు. కంపెనీ లాభంలో కలుస్తుంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయనకు ఎలా తీర్చాలి పిన్నీ?" అన్నాడు. అది సరైన ప్రశ్న. దానికి చివర్లో వస్తాను.

ముందు కాగితం సంగతి. కాగితం విలువ తెలియాలంటే ఇంకో ఆటగాడు మెస్సీ కథ చూడాలి. 2000 డిసెంబరులో అతనికి పదమూడేళ్ళు. అర్జెంటీనాలోని రొసారియో నుంచి తండ్రితో బార్సిలోనా వచ్చాడు. ఎదుగుదల హార్మోన్ లోపానికి ఖరీదైన చికిత్స నడుస్తోంది. చేర్చుకునేదీ లేనిదీ బార్సిలోనా క్లబ్ తేల్చడం లేదు, తండ్రికి ఓపిక నశిస్తోంది. డిసెంబరు 14న ఒక టెన్నిస్ క్లబ్‌లో క్లబ్ అధికారి కార్లెస్ రెక్సాచ్, చేతికి వేరే కాగితం దొరక్క, చేయి తుడుచుకునే కాగితపు రుమాలు మీద "ఈ పిల్లవాణ్ణి తీసుకుంటాం" అని రాసి సంతకం పెట్టాడు. 2024లో లండన్ వేలంలో ఆ రుమాలు 7,62,400 పౌండ్లకు పోయింది. ఒక తండ్రి ఆ రోజు రాత కోసం పట్టుబట్టినందుకు ఆ పిల్లవాడి జీవితం ఒక దారిన పడింది.

అదే మెస్సీ ఇరవై ఏళ్ళ తర్వాత నోటి మాటను నమ్మాడు. అతని ఒప్పందంలో, సీజన్ చివర ఉచితంగా వెళ్ళిపోవచ్చనే నిబంధన ఉంది. కానీ ఆ మాట జూన్ 10లోగా చెప్పాలి. 2020లో కోవిడ్ వల్ల సీజన్ ఆగస్టు దాకా సాగింది. సీజన్ అయ్యాక నీ ఇష్టం అని క్లబ్ అధ్యక్షుడు ఏడాది పొడవునా అంటూ వచ్చాడని మెస్సీ చెప్పాడు. ఆగస్టు 25న రిజిస్టర్డ్ ఫ్యాక్స్ పంపాడు. జూన్ 10 దాటిపోయింది కదా, వెళ్ళాలంటే ఒప్పందంలో ఉన్న 70 కోట్ల యూరోలు కట్టాల్సిందే అని క్లబ్ అంది, లీగ్ కూడా వంతపాడింది. సీజన్ నిజంగా ఎప్పుడు ముగిసిందన్నది కోర్టులో వాదించవచ్చు. తనను పెంచిన క్లబ్‌ను కోర్టుకీడ్చడం ఇష్టం లేక అతను ఆగిపోయాడు.

ఆ మరుసటి ఏడాది ఉండిపోదామనుకున్నాడు. జీతం సగానికి తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాడు. క్లబ్ అప్పుల్లో మునిగి ఉంది, లీగ్ పెట్టిన జీతాల పరిమితిలో ఆ సగం జీతం కూడా ఇమడలేదు. 2021 ఆగస్టు 5న బార్సిలోనా వీడ్కోలు ప్రకటించింది. మూడు రోజుల తర్వాత పత్రికల ముందు నిలబడి కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. ఆ వారంలోనే పారిస్ సెయింట్ జెర్మెయిన్‌కు వెళ్ళాడు. ఆ దృశ్యం మా అబ్బాయితో కలిసి చూశాను. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు సగం జీతానికి ఉంటానన్నా, ఉంచుకోవడం ఆ సంస్థ చేతిలో లేకపోయింది. జీతం తగ్గించుకుంటే ఉద్యోగం నిలుస్తుందని ఎవరైనా నమ్మకంగా అంటే నాకు ఆ కన్నీళ్ళే గుర్తొస్తాయి. తగ్గించుకునే ముందు కంపెనీ లెక్కలు ఎలా ఉన్నాయో తెలుసుకోండి. ఎన్ని నెలలకు తగ్గిస్తున్నారు, తిరిగి ఎప్పుడు పెంచుతారు అన్నది రాతలో ఉండాలి.

నోటి మాట రెండు వైపులా కోస్తుంది. కిలియన్ ఎంబాపె 2024లో పారిస్ క్లబ్ వదిలి రియల్ మాడ్రిడ్ వెళ్ళాక, తనకు 5.5 కోట్ల యూరోల జీతం, బోనస్ బాకీ ఉందన్నాడు. వెళ్ళేటప్పుడు కొంత సొమ్ము వదులుకుంటానని తను మాతో అనుకున్నాడు కదా అని క్లబ్ వాదించింది. కార్మిక న్యాయస్థానం చూసింది అసలు ఒప్పందాన్నే. 2025 డిసెంబరులో సుమారు 6 కోట్ల యూరోలు చెల్లించమని క్లబ్‌ను ఆదేశించింది.

మనకు లాయర్లుండరు, రుమాళ్ళూ అక్కర్లేదు. మేనేజర్ గదిలోంచి బయటికి రాగానే రెండు వాక్యాల మెయిల్ రాయండి. "సార్, ఇందాక మీరు చెప్పినట్టు ఏప్రిల్ నుంచి నా జీతం ఇంత అవుతుందని, నన్ను సీనియర్ గ్రేడులోకి మారుస్తారని అర్థం చేసుకున్నాను. ధన్యవాదాలు." చాలు. జవాబు వస్తే రికార్డు అయింది. రాకపోతే ఆ మాట ఎంత గట్టిదో మీకు తెలిసిపోయింది. మెయిల్ రాయడానికి మొహమాటపడేవాళ్ళు కనీసం వాట్సాప్‌లోనైనా రాయండి. ఇక తేదీలు. మీ ఆఫర్ లెటర్ బయటికి తీసి నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాల్సిన గడువు ఎప్పటిదాకా, ఏడాది బోనస్ ఏ తేదీన ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఇస్తారు, గ్రాట్యుటీకి ఐదేళ్ళు ఎప్పుడు నిండుతాయి అన్నవి క్యాలెండర్ మీద రాసుకోండి. ఐదేళ్ళు నిండకముందే వెళ్ళిపోయి గ్రాట్యుటీ పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక, నిర్ణీత కాలానికి ఒప్పందం మీద పనిచేసేవాళ్ళకు ఒక్క ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ఇది తెలియక వదిలేసుకునేవాళ్ళు చాలామంది ఉంటారని నా బెంగ.

"బాండ్ రాశాను మేడమ్, వెళ్ళనివ్వరేమో" అని భయపడేవాళ్ళుంటారు. ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో నిజంగానే వెళ్ళనిచ్చేవారు కాదు. ఇంగ్లండ్‌లో ఒప్పందం గడువు తీరినా ఆటగాడు క్లబ్ సొత్తే. క్లబ్ ఒప్పుకోకపోతే ఇంకెక్కడా ఆడకూడదు. 1961 దాకా వారానికి 20 పౌండ్ల జీతమే గరిష్ఠం. 1960లో జార్జ్ ఈస్ట్‌హామ్ న్యూకాజిల్ నుంచి వెళ్ళిపోతానంటే వదల్లేదు. అతను ఆట మానేసి, దక్షిణాన ఒక స్నేహితుడి దగ్గర కార్కు సరుకు అమ్మే పనిలో చేరాడు. నెలల తర్వాత 47,500 పౌండ్లు తీసుకుని ఆర్సెనల్‌కు అమ్మారు. అయినా అతను కేసు వదల్లేదు. 1963లో జడ్జి విల్బర్‌ఫోర్స్ ఆ పద్ధతి మనిషి వృత్తికి అన్యాయంగా అడ్డుపడుతోందని తీర్పిచ్చాడు.

బెల్జియంలో జాన్ మార్క్ బోస్మాన్ కథ ఇంకా బాధాకరం. 1990లో అతని ఒప్పందం ముగిసింది. లీజ్ క్లబ్ కొత్తగా ఇస్తానన్నది నెలకు 30,000 ఫ్రాంకులు, అంటే నిబంధనలు అనుమతించే కనీసం. వద్దని ఫ్రాన్స్‌లోని డంకర్క్ వెళతానంటే బదిలీ సొమ్ము అడ్డం వచ్చింది. ఐదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాడు. 1995 డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం, ఒప్పందం ముగిసిన ఆటగాడు పైసా బదిలీ సొమ్ము లేకుండా మరో యూరప్ దేశపు క్లబ్‌కు వెళ్ళవచ్చంది. ఆ తీర్పుతో వందల మంది కోటీశ్వరులయ్యారు. బోస్మాన్ ఆట మాత్రం ఆ ఐదేళ్ళలోనే అయిపోయింది. తర్వాత తాగుడు, అప్పులు. ఎంబాపె లాంటివాళ్ళ సంతకాల వెనక ఈ మనిషి పోగొట్టుకున్న యవ్వనం ఉంది. అతని పేరు ప్రతి ఉద్యోగికీ తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది.

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఉంది. మనిషి బతుకుతెరువుకు అడ్డుపడే ఒప్పందం చెల్లదంటుంది. కాబట్టి "ఇక్కడ మానేశాక రెండేళ్ళు మా పోటీ కంపెనీలో చేరకూడదు" అన్న షరతు మామూలుగా కోర్టులో నిలవదు. కంపెనీ రహస్యాలు మోసుకుపోకూడదన్నది వేరే సంగతి, అది నిలుస్తుంది. శిక్షణ ఖర్చులకో, నియామక ఖర్చులకో పెట్టిన బాండ్ కూడా వేరు. మూడేళ్ళు నిండకుండా వెళితే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతు సబబేనని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అంటే బాండ్ మిమ్మల్ని కట్టిపడేయలేదు, న్యాయమైన ఖర్చు మాత్రం అడగగలదు. ఆ సొమ్ము కొత్త కంపెనీ భరిస్తుందేమో ఆఫర్ దశలోనే అడగండి. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

ఇక మన ఊరి సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. గచ్చిబౌలి కుర్రాళ్ళంతా పసుపు జెర్సీలు వేసుకు తిరిగారు, మా వాడితో సహా. రెండేళ్ళు తిరక్కుండానే ఆ క్లబ్‌లో జీతాలు ఆగిపోయాయి. ఫిఫా కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్ళు, పేరున్న మనవాళ్ళు ఒక్కొక్కరుగా ఒప్పందాలు తెంచుకుని వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళు పట్టికలో అట్టడుగున నిలబడి సీజన్ పూర్తిచేశారు. తర్వాత యాజమాన్యం మారింది. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది.

వెళ్ళిన ఆటగాళ్ళను "జట్టు కష్టంలో ఉంటే వదిలేశారు" అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. రెండు నెలల జీతం బాకీ పడితే, 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే ఆటగాడు న్యాయంగా ఒప్పందం తెంచుకోవచ్చని ఫిఫా నిబంధనల్లోనే ఉంది. చేసిన పనికి జీతం ఇవ్వడం యజమాని చేయాల్సిన మొదటి పని. అది ఆగిందంటే ఒప్పందం వాళ్ళ వైపు నుంచే తెగింది. ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు ఆ జీతం మీదే నడుస్తాయి. వాటిని పణంగా పెట్టి సంస్థకు విశ్వాసంగా ఉండమనే హక్కు ఎవరికీ లేదు.

జీతం ఆగబోతోందని ముందే పసిగట్టవచ్చు. పీఎఫ్ పాస్‌బుక్ నెలకోసారి ఉమాంగ్ యాప్‌లో చూడండి. జీతం స్లిప్‌లో కోత ఉండి, పాస్‌బుక్‌లో జమ లేకపోతే అదే మొదటి గంట. ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో మీ దగ్గర కోసిన టీడీఎస్ చేరిందో లేదో చూడండి. జీతం తేదీ 1 నుంచి 7కు, 7 నుంచి 15కు జరిగితే ఆ రోజునుంచే బయట వెతకడం మొదలుపెట్టండి. రెండో నెల కూడా రాకపోతే మెయిల్‌లో అడగండి, ఒక గడువు పెట్టండి, జీతం స్లిప్‌లు, హాజరు వివరాలు మీ సొంత మెయిల్‌కు తెచ్చుకోండి, కార్మిక శాఖకు ఫిర్యాదు రాయండి. ఆరు నెలలు ఎదురుచూసి వచ్చినవాళ్ళకు నేను సాయం చేయగలిగింది చాలా తక్కువ. రెండు నెలలకే వచ్చినవాళ్ళకు ఎక్కువ చేయగలిగాను.

వెళ్ళేవాణ్ణి ఆపడానికి పాత కంపెనీ పెంచి ఇచ్చే కౌంటర్ ఆఫర్ గురించి రెండు మాటలు. 2010 అక్టోబరులో వేన్ రూనీ మాంచెస్టర్ యునైటెడ్ వదిలేస్తానన్న మాట బయటపడింది. ఆ వారంలోనే ఐదేళ్ళ కొత్త ఒప్పందం చేసుకున్నాడు. ఆ తర్వాత లీగ్ రెండుసార్లు గెలిచాడు, కాబట్టి ఉండటం తప్పని అనను. కానీ అభిమానులతోనూ, కోచ్ ఫెర్గూసన్‌తోనూ పాత చనువు మళ్ళీ రాలేదు. వెళ్ళాలనుకున్న కారణం డబ్బొక్కటే అయితే కౌంటర్ ఆఫర్ తీసుకోండి. పని నచ్చకో, ఎదుగుదల లేకో, మనిషితో పడకో వెళ్ళాలనుకుంటే ఎంత పెంచినా అదే కుర్చీలో కూర్చోవాలి. ఇంకో మాట, వెళ్ళే ఉద్దేశం లేకుండా రాజీనామా ఇవ్వకండి. బెదిరింపుగా ఇచ్చిన రాజీనామాను ఆమోదించిన సందర్భాలు నా చేతుల మీదుగానే జరిగాయి.

వెళ్ళే పద్ధతికి వస్తే, రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆర్సెనల్ ఆటగాడు ఆష్లీ కోల్ 2005 జనవరిలో తన క్లబ్‌కు తెలియకుండా ఒక హోటల్లో చెల్సీ వాళ్ళను కలిశాడు. బయటపడింది, లీగ్ జరిమానా వేసింది. మరుసటి ఏడాది చెల్సీకే వెళ్ళాడు. వారానికి 60,000 పౌండ్లని అనుకుంటే ఆర్సెనల్ 55,000 అనడంతో తనకు పట్టరాని కోపం వచ్చిందని పుస్తకంలో రాసుకున్నాడు. అతని బాధ నాకు అర్థమవుతుంది. పోయింది ఐదు వేలు కాదు, ఇచ్చిన మాట. కానీ రహస్యంగా కలవడంతో ఆ న్యాయమంతా మరుగున పడిపోయి, డబ్బు మనిషన్న పేరు మిగిలింది. చూడటానికొచ్చినవాళ్ళు అతని వైపు దొంగ నోట్లు ఊపేవారు.

పోలండ్ ఆటగాడు రాబర్ట్ లెవాండోవ్‌స్కీ డార్ట్‌మండ్‌లో ఉన్నాడు. ఒప్పందం చివరి ఆరు నెలల్లో వేరే క్లబ్‌తో సంతకం చేసుకోవచ్చని నిబంధన. అవతలి క్లబ్ ముందుగా ఇవతలి క్లబ్‌కు తెలియజేయాలి. 2014 జనవరిలో బద్ధ ప్రత్యర్థి బాయర్న్ మ్యూనిక్‌కు వెళుతున్నట్టు బాహాటంగా ప్రకటించాడు. మిగిలిన ఆరు నెలలు డార్ట్‌మండ్‌కే ఆడాడు. ఎలా ఆడాడంటే, 20 గోల్స్‌తో ఆ సీజన్ జర్మన్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ అతనివే. వెళ్ళిపోతున్నవాడు చివరి రోజు దాకా మొదటి రోజులా ఆడటం, నా దృష్టిలో విశ్వాసమంటే ఇదే. కోల్ వెళ్ళిందీ ప్రత్యర్థి దగ్గరికే, ఇతను వెళ్ళిందీ ప్రత్యర్థి దగ్గరికే.

ఉండిపోయేవాళ్ళను తక్కువ చేయను. ఫ్రాన్సెస్కో టోట్టీ రోమ్‌లో పుట్టాడు, 1993 నుంచి 2017 దాకా రోమా క్లబ్‌కే ఆడాడు. రియల్ మాడ్రిడ్ పిలిచినా వెళ్ళలేదు. అన్నేళ్ళలో లీగ్ గెలిచింది ఒక్కసారి, 2001లో. వెళ్ళి ఉంటే ఇంకెన్నో వచ్చేవి. అతనికి ఆ ఊరు కావాలి, ఆ జనం కావాలి. ఏం వదులుకుంటున్నాడో తెలిసి, ఇష్టపడి వదులుకున్నాడు. మీకూ అమ్మానాన్న దగ్గరుండటం ముఖ్యం కావచ్చు, పిల్లల బడి కావచ్చు, పని నేర్పే పెద్దమనిషి పక్కన ఇంకో రెండేళ్ళుండటం కావచ్చు. అప్పుడు ఉండండి, నిండుగా ఉండండి. ఉండటానికి కారణం ఏమిటో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. రాయడానికి పదం దొరకక "వాళ్ళేమనుకుంటారో" అన్న మాటే వస్తుంటే, మళ్ళీ ఆలోచించండి.

మా వాడు ఆ వాక్యం రాయబోయి రెండుసార్లు కొట్టేశాడు. బుధవారం మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళాడు. మెయిల్ పంపకముందే ఎదురుగా కూర్చుని చెప్పమన్నాను. 2021లో చేసిన సాయం కూడా పేరుపెట్టి చెప్పమన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. జీతం పెంచే అధికారం తన చేతిలో లేదన్నారట. తర్వాత రెండే అడిగారు. నోటీస్ అరవై రోజులూ పూర్తిగా ఉండమన్నారు, కరీంనగర్ ఆసుపత్రిలో ఉన్న పాత యంత్రాల పని కొత్తగా చేరిన కుర్రాడికి నేర్పి వెళ్ళమన్నారు. ఆ యంత్రాలు ఎప్పుడు మొరాయిస్తాయో, ఏ వాల్వు దగ్గర చెవి పెట్టి వినాలో మా వాడికే తెలుసు, ఏ మాన్యువల్లోనూ లేదు.

ఇప్పటికి మూడుసార్లు ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఒక నోటు పుస్తకంలో యంత్రానికో పేజీ చొప్పున రాసి ఇచ్చాడు. మొన్న మూడోసారి వెళ్ళినప్పుడు తను లోపలికి వెళ్ళలేదట. ఆసుపత్రి గేటు దగ్గర టీ తాగుతూ నిలబడ్డాడు. గంటన్నర తర్వాత కుర్రాడు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "నడుస్తోంది అన్నా" అన్నాడట.